ఉష్ణోగ్రత నియంత్రణ కాయిల్ (ఎలక్ట్రానిక్ సిగరెట్)

ఉష్ణోగ్రత నియంత్రణ కాయిల్ అనేది ఎలక్ట్రానిక్ సిగరెట్లలో ద్రవాన్ని వేడిచేసి తుషారంగా మార్చే లోహపు తీగచుట్టలలో ఒక రకం. మామూలు కాయిల్ పని వేడెక్కడం ఒక్కటే. ఈ రకం కాయిల్ వేడెక్కడంతో పాటు, తాను ఎంత వేడెక్కిందో తెలిపే ఉష్ణమాపకంగా కూడా పనిచేస్తుంది. వేడెక్కే కొద్దీ విద్యుత్ నిరోధం గణనీయంగా పెరిగే నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ వంటి లోహాలతో దీనిని చుడతారు. పరికరంలోని చిప్ ఆ నిరోధాన్ని క్షణక్షణమూ కొలుస్తూ, వాడుకరి నిర్ణయించిన ఉష్ణోగ్రత రాగానే విద్యుత్తును తగ్గిస్తుంది.

ఈ ఏర్పాటులో విడిగా ఉష్ణమాపకం ఏదీ ఉండదు. తెరపై కనిపించే ఉష్ణోగ్రత నేరుగా కొలిచినది కాదు, నిరోధాన్ని బట్టి లెక్క కట్టినది. ఆ లెక్కకు రెండు విషయాలు ముందుగా సరిగ్గా తెలియాలి: తీగ ఏ లోహం, అది చల్లగా ఉన్నపుడు దాని నిరోధం ఎంత. ఈ రెంటిలో ఏది తప్పినా తెరపై అంకె 220 డిగ్రీలు చూపుతూనే ఉంటుంది, తీగ మాత్రం 300 డిగ్రీలు దాటవచ్చు. కాయిల్ అమరికలో పాటించే జాగ్రత్తలన్నీ దాదాపుగా ఈ ఒక్క కారణం నుండి పుట్టినవే.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, అమ్మకం 2019 నుండి చట్టవిరుద్ధం.

పరికరం నిర్మాణం

ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. మొదటిది బ్యాటరీ, నియంత్రణ చిప్, మీట, చిన్న తెర ఉండే పెట్టె. రెండవది దానిపై మరతో బిగించే అటామైజర్. అటామైజర్ లోపల రెండు చిన్న లోహపు స్తంభాల నడుమ కాయిల్ ఉంటుంది. కాయిల్ మధ్యగా దూది వత్తి దూరి ఉంటుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే ఈ వత్తి ద్రవాన్ని తీగ వద్దకు చేరుస్తుంది. ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వీటికి సువాసన ద్రవ్యాలు, చాలావరకు నికోటిన్ కలుపుతారు. మీట నొక్కగానే తీగ గుండా విద్యుత్తు ప్రవహించి, జౌల్ నియమం ప్రకారం వేడి పుట్టి, వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలో చల్లబడి సన్నని బిందువులుగా మారుతుంది. వాడుకరి పీల్చేది ఈ తుషారాన్నే. వాడుకలో దీనిని పొగ అంటారు గానీ ఇందులో మామూలు సిగరెట్‌లో వలె ఆకు కాలడం ఉండదు.

కొన్ని అటామైజర్లకు కర్మాగారంలో చుట్టిన కాయిళ్ళు వస్తాయి. మరికొన్నింటిలో వాడుకరి స్వయంగా తీగ చుట్టి బిగించుకోవాలి. అమరిక సమస్యలు ఎక్కువగా ఈ రెండవ రకంలోనివి.

నియంత్రణ ఎందుకు అవసరమైంది

గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు గిన్నె మాడదు. నీళ్ళు ఇంకిపోయిన మరుక్షణం మాడడం మొదలవుతుంది. కాయిల్ విషయమూ ఇంతే. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ వద్ద, గ్లిజరిన్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. వీటి మిశ్రమం మరిగే ఉష్ణోగ్రత పాళ్ళను బట్టి ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. వత్తి తడిగా ఉన్నంతవరకు పుట్టిన వేడిలో అధికభాగం ద్రవం ఆవిరి కావడానికే ఖర్చవుతుంది కనుక తీగ ఉష్ణోగ్రత ఆ హద్దును పెద్దగా దాటదు. ద్రవం అయిపోయినా, వత్తి దానిని తగినంత వేగంగా అందించలేకపోయినా, అదే విద్యుత్తు తీగను ఎర్రగా కాలుస్తుంది. దూది మాడి ఘాటైన, గొంతు పట్టే పొగ వస్తుంది. దీనిని వాడుకరులు డ్రై హిట్ అంటారు.

సమస్య రుచితో ఆగదు. ఎక్కువ వేడికి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అణువులు విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, అక్రోలిన్ అనే విషపదార్థాలు ఏర్పడతాయి. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2015 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన లేఖలో, 3.3 వోల్టుల వద్ద తమకు కనబడని ఫార్మాల్డిహైడ్ సంబంధిత పదార్థాలు 5 వోల్టుల వద్ద కనబడినట్లు తెలిపారు. గ్రీకు హృద్రోగ నిపుణుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సాలినోస్ తదితరులు దీనితో విభేదించారు. అంత వేడి వద్ద వచ్చే మాడు రుచిని ఏ వాడుకరీ భరించలేడని, ఆల్డిహైడ్లు అధికంగా పుట్టేది ఆ స్థితిలోనేనని వారు అదే ఏడాది వాదించారు. వాదం ఎటు తేలినా ఒక విషయంలో ఇరుపక్షాల ఫలితాలూ కలుస్తాయి: తీగ వేడి పెరిగితే హానికర పదార్థాలు పెరుగుతాయి. వోల్టులు, వాట్లు మాత్రమే చూపే పరికరం ఆ వేడి ఎంతో చెప్పలేదు.

సూత్రం

లోహాల ఉష్ణోగ్రత పెరిగితే వాటి విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఒక్కొక్క డిగ్రీకి ఎంత వంతు పెరుగుతుందో తెలిపే సంఖ్యను నిరోధ ఉష్ణోగ్రతా గుణకం అంటారు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో విద్యార్థులు చదివే సమీకరణమే ఇక్కడా పనిచేస్తుంది:

వేడి నిరోధం = చల్లని నిరోధం × (1 + గుణకం × పెరిగిన ఉష్ణోగ్రత)

ఇందుకు ఇంట్లో చూడదగిన ఉదాహరణ పాతకాలపు ఫిలమెంటు బల్బు. 230 వోల్టుల వద్ద వెలుగుతున్న 100 వాట్ల బల్బు నిరోధం 529 ఓమ్‌లు. అదే బల్బును ఆర్పి, చల్లారాక మీటరుతో కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. ఫిలమెంటు వేడిని చేత్తో తాకకుండా, దగ్గరికి పోకుండా ఈ రెండు అంకెల నిష్పత్తి నుండి రాబట్టవచ్చు.

కాయిల్‌లోనూ ఇదే జరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 0.10 ఓమ్ ఉన్న నికెల్ కాయిల్‌ను తీసుకుందాం. నికెల్ గుణకం డిగ్రీకి సుమారు 0.006. తీగ 220 డిగ్రీలకు చేరితే పెరిగిన ఉష్ణోగ్రత 200 డిగ్రీలు, కనుక నిరోధం 2.2 రెట్లై 0.22 ఓమ్ అవుతుంది. చిప్ తాను పంపుతున్న వోల్టేజిని, ప్రవాహాన్ని కొలిచి భాగహారం చేస్తుంది. ఫలితం 0.22ను సమీపించగానే వాట్లను తగ్గించి తీగను అక్కడే నిలుపుతుంది. ద్రవం అయిపోతే తీగను ఆ ఉష్ణోగ్రత వద్ద ఉంచడానికి చాలా తక్కువ శక్తి సరిపోతుంది కాబట్టి తుషారం దానంతట అదే సన్నగిల్లి ఆగిపోతుంది, దూది మాడదు.

లెక్క సులభమే గానీ కొలత సులభం కాదు. పై కాయిల్‌లో ఒక డిగ్రీ మార్పు అంటే నిరోధంలో 0.6 మిల్లీఓమ్ మార్పు, అనగా ఒక ఓమ్‌లో వెయ్యవ వంతు కంటే తక్కువ. మర కొద్దిగా వదులైనా, స్తంభానికి మురికి పట్టినా ఇంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

చరిత్ర

వేడెక్కిన లోహం విద్యుత్తును తక్కువగా ప్రసరింపజేస్తుందని 1821లో హంఫ్రీ డేవీ గుర్తించాడు. 1871లో విలియం సీమెన్స్ ప్లాటినం తీగ నిరోధంతో ఉష్ణోగ్రతను కొలవవచ్చని ప్రతిపాదించాడు. 1887లో హ్యూ క్యాలెండర్ దానిని నమ్మదగిన శాస్త్రీయ పరికరంగా తీర్చిదిద్దాడు. నేటికీ పరిశ్రమలలో, ప్రయోగశాలలలో ప్లాటినం నిరోధ ఉష్ణమాపకాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. వాటిలో తీగ కొలవడానికే పరిమితం. వేడిచేసే తీగనే కొలిచే తీగగా వాడడం కాయిల్ ప్రత్యేకత, కష్టమూ అదే.

ఎలక్ట్రానిక్ సిగరెట్ ఆలోచన పాతదే. అమెరికాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో పొగాకు లేని సిగరెట్‌కు పేటెంటు దరఖాస్తు చేసి 1965లో పొందాడు గానీ అది మార్కెట్‌లో నిలవలేదు. నేటి పరికరానికి మూలపురుషుడిగా చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్‌ను చెబుతారు. ఆయన దీనిని 2003లో రూపొందించాడు. తొలి పరికరాలలో వేడిపై నియంత్రణ ఏమీ లేదు. తరువాత వోల్టులను, ఆపై వాట్లను మార్చుకునే వీలు వచ్చింది. 2014లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఎవాల్వ్ సంస్థ డీఎన్ఏ 40 అనే చిప్‌తో ఉష్ణోగ్రత నియంత్రణను ప్రచారంలోకి తెచ్చింది. అది మొదట నికెల్ తీగ కోసమే ఉద్దేశించబడినది. ఏడాది తిరిగేలోపే ఇతర తయారీదారులు కూడా అనుసరించారు. టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ వంటి లోహాలూ జాబితాలో చేరాయి.

తీగకు వాడే లోహాలు

వేడిచేసే తీగలలో అతి సాధారణమైనది కాంథాల్. ఇది ఇనుము, క్రోమియం, అల్యూమినియంల మిశ్రమలోహం. దీని నిరోధం వెయ్యి డిగ్రీల వరకు వేడిచేసినా నాలుగైదు శాతానికి మించి మారదు. విద్యుత్ పొయ్యికి ఇది సుగుణం, ఉష్ణోగ్రత నియంత్రణకు అదే అనర్హత. మారని నిరోధం నుండి చిప్‌కు తెలిసేదేమీ ఉండదు. ఇస్త్రీపెట్టెలలో వాడే నిక్రోమ్‌దీ దాదాపు ఇదే పరిస్థితి. ప్రయోగశాలల ప్రామాణిక నిరోధాలకు మాంగనిన్, కాన్‌స్టాంటన్‌లను ఎంచుకునేది కూడా ఈ మారని గుణం కోసమే.

నికెల్ 200 అని పిలిచే దాదాపు శుద్ధమైన నికెల్ తీగ గుణకం అన్నిటికంటే ఎక్కువ. అందుచేతనే మొదట దీనిని ఎంచుకున్నారు. కానీ ఇది చాలా మెత్తన. మర బిగిస్తే నలుగుతుంది, వత్తి దూర్చేటపుడు ఆకారం చెడుతుంది. పైగా దీని స్వాభావిక నిరోధం తక్కువ కాబట్టి కాయిల్ మొత్తం 0.10 ఓమ్ దగ్గరే ఉంటుంది. అటువంటి కాయిల్‌కు 30 వాట్లు పంపాలంటే సుమారు 17 ఆంపియర్ల ప్రవాహం కావాలి. అదే 30 వాట్లకు 0.5 ఓమ్ కాయిల్‌లో 8 ఆంపియర్ల లోపే సరిపోతుంది. నికెల్ అంటే చర్మానికి పడనివారు చాలామంది ఉన్నారన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

శుద్ధ టైటానియం గుణకం సుమారు 0.0035. నికెల్ కంటే గట్టిగా, చుట్టిన ఆకారం నిలిచేదిగా ఉంటుంది. అయితే దీనిని పొడిగా ఎర్రబడేలా కాల్చరాదు. బాగా వేడెక్కినపుడు టైటానియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్ పొర కడుతుంది, మరీ వేడెక్కితే అంటుకుంటుంది కూడా.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 316ఎల్ రకం ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. గుణకం సుమారు 0.0009 మాత్రమే. అనగా 200 డిగ్రీలు పెరిగినా నిరోధం ఐదో వంతు కంటే తక్కువే పెరుగుతుంది. చూడగానే ఇది లోపమనిపిస్తుంది. కానీ దీని నిరోధం ఎక్కువగా ఉండడం వలన బిగింపులోని చిన్న తేడాలు నికెల్‌ను బాధించినంతగా దీనిని బాధించవు. మామూలు వాట్ల పద్ధతిలో కూడా దీనిని వాడవచ్చు. మొత్తం మీద తొలి ఉత్సాహం తగ్గాక నికెల్ వెనుకబడి, స్టీల్ నిలబడడానికి కారణాలివే.

కాయిల్ చుట్టడం, బిగించడం

తీగ నిరోధం పొడవును బట్టి పెరుగుతుంది, మందాన్ని బట్టి తగ్గుతుంది. 0.40 మిల్లీమీటర్ల వ్యాసం గల 316ఎల్ స్టీల్ తీగకు మీటరుకు సుమారు 5.8 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కనుక 0.5 ఓమ్ కాయిల్‌కు 86 మిల్లీమీటర్ల తీగ కావాలి. 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద చుడితే తీగ మందంతో కలిపి ఒక్కో చుట్టుకు దాదాపు 10.7 మిల్లీమీటర్లు ఖర్చవుతుంది. స్తంభాల వరకు వెళ్ళే రెండు కొసలకు 15 మిల్లీమీటర్లు వదిలితే ఆరేడు చుట్లు వస్తాయి. చుట్టడానికి డ్రిల్ బిట్ వెనుకవైపు నున్నని భాగం సరిపోతుంది.

చుట్లు ఒకదానికొకటి తగలకుండా ఎడం ఉంచడం ఈ రకం కాయిల్‌లో ముఖ్యం. కాంథాల్ వాడేవారు చుట్లను దగ్గరగా నొక్కి, ఎర్రగా కాల్చి, తీగపై ఏర్పడే ఆక్సైడ్ పొరతో వాటిని విద్యుత్ పరంగా వేరుచేస్తారు. నికెల్‌ను, టైటానియంను అలా కాల్చకూడదు కనుక తగిలిన చుట్ల మధ్య విద్యుత్తు అడ్డదారిన పోతుంది. అప్పుడు నిరోధం ఒక క్షణం తగ్గి, తీగ వేడికి కదలగానే మళ్ళీ పెరుగుతుంది. ఈ గెంతులను చిప్ ఉష్ణోగ్రత మార్పులుగా పొరబడుతుంది. స్టీల్ ఈ విషయంలో కొంత మెరుగైనా, ఎడం ఉంచి చుట్టడమే మేలు.

కొసలను స్తంభాలకు బిగించేటపుడు తీగ నలిగి తెగకుండా, అదే సమయంలో వదులు లేకుండా చూడాలి. అటామైజర్ మరలు, అడుగున ఉండే పిన్ను, పెట్టె మీది గుంట శుభ్రంగా ఉండాలి. ఇక్కడి అదనపు నిరోధం వేడి తీగకు చెందినది కాదు, వేడితో మారదు. అయినా చిప్ దానిని కూడా కాయిల్‌లో భాగంగానే లెక్కిస్తుంది.

దీని ప్రభావం ఎంతో చూద్దాం. బిగింపులో 0.02 ఓమ్ అదనంగా ఉన్నదనుకుందాం. 0.10 ఓమ్ నికెల్ కాయిల్‌ను చిప్ 0.12గా చదువుతుంది. 220 డిగ్రీలకు అది 0.264 ఓమ్ వరకు ఎదురుచూస్తుంది. అందులో మారని 0.02 తీసివేస్తే అసలు తీగ 0.244 ఓమ్‌కు చేరాలి. అంటే తీగ నిజానికి 260 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. 0.50 ఓమ్ స్టీల్ కాయిల్‌లో గుణకాన్ని 0.00092గా తీసుకుని ఇదే లెక్క కడితే తీగ ఆగేది 228 డిగ్రీల వద్ద. ఒకే వదులు మర నికెల్‌లో 40 డిగ్రీలు, స్టీల్‌లో 8 డిగ్రీలు తప్పు చూపిందన్నమాట. నికెల్‌లో 17 ఆంపియర్ల ప్రవాహం పోతుంటే ఆ బిగింపు దగ్గరే 6 వాట్ల వేడి వృథాగా పుడుతుంది.

ఆధార నిరోధం

చల్లగా ఉన్నపుడు కొలిచిన నిరోధాన్ని ఆధార నిరోధం అంటారు. కొత్త కాయిల్ బిగించగానే పరికరం దీనిని చదివి గుర్తుపెట్టుకుంటుంది. చాలా పరికరాలు ఇది కొత్త కాయిలా, పాతదా అని అడుగుతాయి. ఆధార నిరోధం మారకుండా తాళం వేసుకునే వీలు కూడా కొన్నిటిలో ఉంటుంది.

కొలిచే సమయంలో కాయిల్ గది ఉష్ణోగ్రతకు పూర్తిగా చల్లారి ఉండాలన్నది మొదటి నియమం. ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే. వాడుతున్న అటామైజర్‌ను ద్రవం పోయడానికి విప్పి, వెంటనే బిగించి, కొత్త కాయిల్ అని సమాధానమిస్తారు. అప్పటికి తీగ 60 డిగ్రీల వద్ద ఉంటే పరికరం ఆ నిరోధాన్నే 20 డిగ్రీల నిరోధంగా రాసుకుంటుంది. నికెల్ కాయిల్ అప్పటికే 0.124 ఓమ్ ఉంటుంది. 220 డిగ్రీలకు చిప్ ఎదురుచూసేది దానికి 2.2 రెట్లు, అనగా 0.273 ఓమ్. తీగ అంత నిరోధానికి చేరేది సుమారు 308 డిగ్రీల వద్ద. స్టీల్‌లో ఇదే పొరపాటు తీగను 267 డిగ్రీలకు చేరుస్తుంది. పాళ్ళు ఏవైనా సరే, 308 డిగ్రీలు గ్లిజరిన్ మరిగే హద్దును కూడా దాటిన ఉష్ణోగ్రత, దూది మాడే ఉష్ణోగ్రత. తెర మీద మాత్రం 220 అనే ఉంటుంది.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు వలన ఇంత ప్రమాదం లేదు. శీతల దేశాలలో చలికాలం ఆరుబయట సున్నా డిగ్రీల వద్ద ఆధారం కొలిస్తే, స్టీల్ కాయిల్ 220కి బదులు 196 డిగ్రీల వద్దే ఆగిపోతుంది. తుషారం పలచగా వస్తుంది. వాడుకరి కారణం తెలియక ఉష్ణోగ్రతను పెంచుతాడు. తరువాత ఇంట్లో వెచ్చగా ఉన్నపుడు పరికరం ఆధారాన్ని తిరిగి సరిచేసుకుంటే, పెంచిన అంకె అలాగే ఉండిపోతుంది.

లోహం ఎంపికలో తప్పు ఇంకా పెద్దది. పరికరాన్ని నికెల్‌కు పెట్టి లోపల స్టీల్ బిగిస్తే చిప్ నిరోధం 2.2 రెట్లు అయ్యేదాకా ఆగుతుంది. స్టీల్ అంత మారాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. అంటే నియంత్రణ పేరుకే ఉన్నట్లు. కాంథాల్ బిగించినా అంతే. తారుమారుగా, స్టీల్‌కు పెట్టి నికెల్ బిగిస్తే తీగ 50 డిగ్రీలకు చేరగానే పని అయిపోయిందని చిప్ ఆపేస్తుంది, తుషారమే రాదు. మొదటి తప్పు మాడుస్తుంది, రెండవది విసిగిస్తుంది. దురదృష్టవశాత్తు విసిగినవారు మొదటి తప్పులోకి వెళ్ళడం సులభం, ఎందుకంటే అమరిక మార్చగానే దట్టమైన తుషారం వస్తుంది.

ఈ కారణాల వలన క్రమం ఇలా ఉంటే మంచిదని చెబుతారు. బిగించిన కాయిల్‌ను కాసేపు వదిలి, చల్లారాక నిరోధం చదివించాలి. రెండు మూడు సార్లు విప్పి బిగించి అంకె స్థిరంగా వస్తున్నదో లేదో చూడాలి. లోహాన్ని ఎంచుకుని, ఆధారానికి తాళం వేసి, ఉష్ణోగ్రతను తక్కువలో, సుమారు 180 డిగ్రీలలో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. లెక్క సరిగ్గా ఉన్నదా అని తెలుసుకోవడానికి పొడి దూది పరీక్ష ఒకటుంది. ద్రవం లేకుండా కాయిల్‌లో చిన్న దూది ముక్క ఉంచి 200 డిగ్రీలకు పెట్టి మీట నొక్కితే దూది తెల్లగానే ఉండాలి. నల్లబడితే తెరపై అంకెను నమ్మరాదు. ఈ పరీక్ష చేస్తూ పీల్చకూడదని వేరే చెప్పనక్కర లేదు.

వాట్ల అమరిక ఈ పద్ధతిలో వేగాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. ఎక్కువ వాట్లు పెడితే తీగ నిర్ణీత ఉష్ణోగ్రతకు త్వరగా చేరుతుంది. కానీ మరీ త్వరగా చేరితే చిప్ ఆపేలోపు హద్దు దాటే అవకాశముంది.

పరిమితులు

చిప్‌కు తెలిసేది తీగ మొత్తానికి సగటు ఉష్ణోగ్రత. స్తంభాల దగ్గరి కొసలు చల్లగా ఉంటాయి, నడుమ చుట్లు వేడిగా ఉంటాయి. వత్తి ఒకచోట ఎండిపోతే అక్కడి చుట్టు ఎర్రబడుతున్నా సగటు హద్దులోనే ఉండవచ్చు. రెండు కాయిళ్ళను కలిపి బిగించినపుడు ఇది మరింత తీవ్రమవుతుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వేడెక్కినా చిప్‌కు రెంటి కలగలుపు మాత్రమే కనబడుతుంది.

పై లెక్కలలో ప్రతి లోహానికి ఒకే గుణకాన్ని తీసుకున్నాము. నిజానికి గుణకం ఉష్ణోగ్రతతో కొద్దిగా మారుతుంది. నికెల్, టైటానియంల వక్రరేఖ సరళరేఖ కాదు. ఈ తేడాను సరిదిద్దడానికి కొన్ని చిప్‌లు ఒక అంకెకు బదులు మొత్తం వక్రరేఖను నింపుకునే వీలు కల్పించాయి. ఒకే పేరుతో అమ్మే తీగలలో కూడా మిశ్రమం పాళ్ళు మారుతుంటాయి కాబట్టి 316ఎల్‌కు 0.00088 అని ఒకరు, 0.00092 అని మరొకరు సూచించడం కనిపిస్తుంది.

ఆరోగ్యం

ఉష్ణోగ్రత నియంత్రణ తీగ మితిమీరి వేడెక్కడాన్ని, దాని ద్వారా ఆల్డిహైడ్లు పుట్టడాన్ని తగ్గించగలదు. దీనినిబట్టి అది హానిలేని పరికరమని భావించరాదు. నికోటిన్ వ్యసనకారి. అది 247 డిగ్రీల వద్ద మరుగుతుంది గానీ అంతకంటే తక్కువ వేడిలోనే ఇతర ద్రవాలతో కలిసి తుషారంలోకి చేరుతుంది. ఉష్ణోగ్రత తగ్గించినంత మాత్రాన నికోటిన్ అందకుండా పోదు.

తీగ నుండి వచ్చే లోహాలు మరో సమస్య. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడుకరుల పరికరాల నుండి సేకరించిన తుషారంలో సీసం, నికెల్, క్రోమియం ఉన్నట్లు ప్రకటించారు. వేడి కాయిల్‌ను తాకిన తరువాతి నమూనాలలో ఈ లోహాలు సీసాలోని ద్రవంలో కంటే ఎక్కువగా ఉన్నాయి. నికెల్ సమ్మేళనాలు క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనివి. ఉష్ణోగ్రత నియంత్రణకు అనువైన తీగలలో నికెల్, నికెల్ కలిసిన స్టీల్ ఉండడం గమనించదగినది.

2019లో అమెరికాలో ఈ పరికరాల వాడకంతో ముడిపడిన తీవ్ర ఊపిరితిత్తుల వ్యాధి వ్యాపించింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైన లేదా మరణించిన కేసులు నమోదయ్యాయి, వారిలో మరణించినవారు 68 మంది. దానికి ప్రధానంగా గంజాయి ద్రవాలలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ కారణమని తేలింది. ఏ కాయిల్ అమరికా దానిని ఆపగలిగేది కాదు.

చట్టం

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో అది పార్లమెంటు చట్టంగా మారింది. ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషిద్ధమే. నికోటిన్ ఉన్నా లేకపోయినా నిషేధం వర్తిస్తుంది. పూర్తి పరికరానికే కాక దాని భాగాలకు కూడా వర్తిస్తుంది కాబట్టి విడి కాయిల్ అమ్మకం కూడా ఈ పరిధిలోకే వస్తుంది. మొదటిసారి నేరానికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా విధించవచ్చు. నిల్వ చేసినందుకు ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. ఇది కేంద్ర చట్టం కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఒకే విధంగా అమలవుతుంది.

బ్రిటన్, అమెరికాలలో వయోజనులకు వీటి అమ్మకం నియంత్రణలతో అనుమతించబడింది. సింగపూర్‌లో 2018 నుండి వీటిని కలిగి ఉండడమే నేరం. విదేశాలలో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువారు అక్కడ కొన్న పరికరాన్ని సామానుతో పాటు స్వదేశానికి తేవడం, అది ఒక్కటే అయినా, దిగుమతి కిందికి వస్తుంది.